కోరంగి క్వీన్ తలుపు

మా ఇంటి ముందుగదిలో ఎనిమిదేళ్ళపాటు ఒక ఓడ ఉండేది. బొమ్మ ఓడే అయినా ఐదున్నర అడుగుల పొడుగు. ఆ ఎనిమిదేళ్ళూ మా ఇంటికొచ్చిన చుట్టాలు వీధి అరుగు మీద పడుకున్నారు. మా అత్తగారు ముందుగదిలోంచి నడవడం మానేసి దొడ్డిదారిన గుడికి వెళ్ళొచ్చేవారు. వెంకటసుబ్బలక్ష్మి ఇల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే, కాలవ గట్టు పక్కన ఓడ ఉన్న ఇల్లు అని చెప్పేవారు. ఆ వెంకటసుబ్బలక్ష్మిని నేనే.

ఓడ కట్టింది మావారు దత్తాత్రేయులుగారు. ఏలూరు కాలవల ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన లాకుల బొమ్మలూ వంతెనల బొమ్మలూ పల్చటి ట్రేసింగు గుడ్డ మీదికి ఉన్నదున్నట్టు ఎత్తి గీయడం ఆయన ఉద్యోగం. సొంతంగా ఒక్క గీత గీయకూడదు. ఇరవై ఏళ్ళు అలా చేసేసరికి ఆ పద్ధతి ఒంటికి పట్టేసింది. ముగ్గు వేస్తున్న నా వెనక నిలబడి, ఎడమవైపు చుక్క అరవీసం జరిగిందని చెప్పేవారు. కూరలో ఉప్పు ఎక్కువైందని మాత్రం ఏనాడూ చెప్పలేదు. దానికి స్కేలు లేదు కదా.

పందొమ్మిది వందల ఇరవై ఏడులో ఆఫీసువాళ్ళు చెదలు పట్టిన కాగితాల కట్టలు తగలబెడుతుంటే, అందులో ఒక ఓడ బొమ్మ ఆయన కంటపడింది. కోరంగి క్వీన్ అనే పొగ ఓడ. ఎప్పుడో పద్దెనిమిది వందల డెబ్భై నాలుగులో కట్టారట. కాకినాడ నుంచి రంగూనుకి మనుషుల్ని చేరవేసి చేరవేసి, ఈ శతాబ్దం మొదట్లోనే ముక్కలైపోయింది. ఆ కాగితాన్ని కొడుకుని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. గోడకి దిగ్గొట్టి, అడుగుకి పావంగుళం లెక్కన కట్టడం మొదలుపెట్టారు.

అప్పటినుంచి ఇంట్లో వస్తువులు మాయమవసాగాయి. నా జడపిన్నులు వంగి, పక్కపడవలు వేలాడదీసే కొక్కేలయ్యాయి. నేను పూలు కట్టుకునే అరటినార ఓడ తాళ్ళయింది. నా పెళ్ళిచీర జరీ రెండు బారలు ఊడి, మొదటి తరగతి మెట్ల పక్కన కటకటాలకి చేరింది. మా అత్తగారి తులసిపూసల మాలలో ఒక పూస తగ్గితే, ఆవిడ మూడు రోజులు నన్ను దొంగని చూసినట్టు చూశారు. నాలుగో రోజు ఆ పూస లంగరు గొలుసు చుట్టే యంత్రం మీద కనిపించింది. ఆవిడ కొడుకుని ఏమీ అనలేక పురోహితుడు సోమసుందరంగారిని పిలిపించారు. బ్రాహ్మడు సముద్రం దాటితే ప్రాయశ్చిత్తం ఉంది కదా, మరి ఓడని ఇంట్లో పెట్టుకున్నవాడి సంగతేమిటని అడిగారు. ఆయన రెండు రోజులు గడువు తీసుకుని, కదిలితే ఓడ, కదలకపోతే సామాను అని తేల్చారు. మా అత్తగారికి ఆ తీర్పు రుచించలేదు గానీ, సామాను అన్నాక కొడుకు చేత ప్రాయశ్చిత్త స్నానం చేయించలేం కదా అని ఊరుకున్నారు.

అసలు వింత ఏమిటంటే, మావారు సముద్రం చూడలేదు. ఏలూరులో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళంటే ఇంటి ముందు కాలవ, లేదంటే నీటిమట్టం చూడటానికి ఆఫీసు పడవలో వెళ్ళే కొల్లేరు. ఓడ పూర్తి కావస్తుండగా దాని కింద పలక మీద సముద్రం వేశారు. నాలుగు రోజులు కష్టపడి ఆకుపచ్చగా, అక్కడక్కడా బురదగా, ఒడ్డున నాచుతో సహా వేశారు. నాకూ బాగానే ఉందనిపించింది. నేను మాత్రం ఎక్కడ చూశాను?

తప్పు పట్టింది వరహాలమ్మ. కొల్లేటికోట నుంచి నెలకోసారి పడవ దిగి, తుంగచాపల కట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చే ముసలామె. డెబ్భైకి దగ్గర పడ్డా నడుము వంగలేదు. ఆ రోజు అరుగు మీద చాపలు పరిచి చూపిస్తూ, సముద్రం రంగు ఆరడానికి తెరిచిపెట్టిన కిటికీలోంచి లోపలికి చూసి, చేతిలో చాప అలాగే పట్టుకుని ఉండిపోయింది. కళ్ళు తిరిగాయేమోనని నేను మంచినీళ్ళు తెచ్చాను. నీళ్ళు పుచ్చుకోలేదు.

"అమ్మగారూ, ఇది మేవెక్కిన ఓడండి. సముద్దరంలో మాత్రం నాచుండదండి" అంది.

మావారు లోపలినుంచి పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం నేను చూసింది అదే మొదలు. వరహాలమ్మని లోపలికి రమ్మని ఓడ పక్కన పీట వేశారు. మా అత్తగారు నూతి దగ్గరికి వెళ్ళి రెండోసారి స్నానం చేశారు. ఇక్కడ ఈయన పుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు.

ఓడ బొమ్మ గీసిన కంపెనీవాళ్ళు మొదటి తరగతిలో కుర్చీల కాళ్ళ వంపులు కూడా గీశారు గానీ, పై బల్ల మీద చవక టిక్కెట్టు డెక్కు జనం ఉండేచోటు ఖాళీగా వదిలేశారు. అక్కడ ఏముండేదో చెప్పగలిగిన మనిషి ఎనిమిదేళ్ళుగా మా ఇంటికే చాపలు తెస్తోంది. పొయ్యిలు ఎక్కడ ఉండేవి, మేకల దొడ్డి ఎంత ఉండేది, నీళ్ళ పంపు దగ్గర జనం ఎంత దూరం వరస కట్టేవారు, అన్నీ అడిగారు. ఆమె మూరల్లో చెప్పింది. ఎవరి మూర అని ఈయన అడిగారు. నా మూరేనండి అంది. అంతే, స్కేలు తెచ్చి ఆమె మోచేతి నుంచి వేలి చివరిదాకా కొలిచి, పదహారు ముప్పావంగుళాలు అని రాసుకున్నారు. ఆ తర్వాత డెక్కు మీద కట్టినదంతా వరహాలమ్మ మూరతోనే కట్టారు. సముద్రం కూడా ఆమె చెప్పినట్టే నల్లటి నీలంగా మార్చారు.

అలా మూడు నాలుగు నెలలు ఆమె రావడం, ఈయన అడగడం. వచ్చే ఫిబ్రవరిలో ఏలూరులో పారిశ్రామిక ప్రదర్శన పెడుతున్నారనీ, చేతిపనికి బంగారు పతకం ఉందనీ తెలిసి, ఈయన దరఖాస్తు పెట్టేశారు. ఎనిమిదేళ్ళ పనికి నలుగురిలో ఒక మాట రావాలని ఆయన ఆశ. ఆ మాట పైకి అనేవారు కాదు గానీ, పతకం కొలత ఎంత ఉంటుందని మాత్రం రెండుసార్లు కనుక్కుని వచ్చారు.

ఒకరోజు అంతా అయ్యాక వరహాలమ్మ లేవలేదు. మేకల దొడ్డి వైపు చూస్తూ, తన సంగతి చెప్పింది. పద్దెనిమిదేళ్ళ వయసులో, కొల్లేరు ఎండి చేపలు లేని ఏడు, మొగుడు సింహాచలంతో కలిసి రంగూను వెళ్ళింది. అక్కడ ధాన్యం మిల్లులో రెండేళ్ళు పనిచేశారు. తిరిగొచ్చేటప్పుడు ఇదే ఓడ. మూడో రోజున ఇద్దరికీ జ్వరం తగిలింది. ఆమెకి ఒళ్ళు తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి పక్కన అతని తుండుగుడ్డ మడిచిపెట్టి ఉంది, మనిషి లేడు. సముద్రానికి ఇచ్చేశారన్నారు. ఎలా ఇచ్చారో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. రేవులో దిగాక ఓడ మనిషి ఒకడు, చెత్తతోపాటు పారేసి ఉంటారని అన్నాడు. ఆ మాట కొల్లేటికోటలో అందరి నోటా పడింది. బావగారు ఏటా పెద్దలకి పెట్టేటప్పుడు అదే మాట అనేవాడట.

"అయ్యగారూ, తమకి ఈ ఓడంతా తెలుసు. చచ్చిపోయిన మనిషిని విసిరేత్తారా అండి, దింపుతారా అండి?"

మావారు కళ్ళజోడు తీశారు. పంచె కొసతో తుడిచారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు.

"దింపుతారు" అన్నారు.

"ఎక్కణ్ణించండి?"

"వెనకవైపు, ఎడమపక్క. అక్కడ కటకటాలకి చిన్న తలుపు ఉంటుంది."

ఆమె వంగి చూసింది. అక్కడ కటకటాలు ఉన్నాయి గానీ తలుపు లేదు. ఆ మాటే అంది.

"ఇంకా పెట్టలేదు, వరహాలమ్మా. వచ్చే నెల నువ్వొచ్చేసరికి పెడతాను" అన్నారు.

ఆమె వెళ్ళాక నేను గోడ మీది బొమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళు ఆ కాగితం కొసలు పట్టుకున్నదాన్ని, చదవడం నాకూ వచ్చేసింది. వెనక ఎడమపక్క తలుపు లేదు. కుడిపక్కా లేదు. ఓడ మొత్తానికి పైనుంచి సముద్రంలోకి తెరుచుకునేది ఒక్కటే ఉంది. బొగ్గు బూడిదా, వంటింటి చెత్తా పారబోసే కంత. ఇంగ్లీషులో చక్కగా రాసి ఉంది. 

"ఏవండీ, ఆ తలుపు ఇందులో ఎక్కడుందండీ?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఉండాల్సింది" అన్నారు.

ముగ్గు చుక్క జరిగితే ఓర్చుకోలేని మనిషి, లేని తలుపు చేయడానికి కూర్చున్నారు. ఎత్తి గీయడానికి కింద గీత లేదు. పాపం, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ వారమంతా కాగితాలు చింపారు. శవాన్ని మోసే నలుగురు పక్కపక్కన పట్టాలంటే ఎంత వెడల్పు ఉండాలని నన్నడిగారు. నాకేం తెలుసని కసిరి, మళ్ళీ నేనే పొరుగింటి ఆండాళ్ళుని వెంటబెట్టుకుని, వాళ్ళింటి మంచం చెరోవైపు ఎత్తి చూసి, నాలుగడుగులైనా కావాలని చెప్పాను. ఎందుకని ఆండాళ్ళు అడిగితే, మంచం మార్పిస్తున్నామన్నాను. అంగుళం వెడల్పున తలుపు తయారైంది. ఇత్తడి రేకు తెచ్చి, సూదంత కీళ్ళు చేసి, తెరిస్తే తెరుచుకునేలా, వేస్తే వేసుకునేలా బిగించారు. దాని ముందు చిన్న ఏటవాలు చెక్క కూడా పెట్టారు. ఓడ మొత్తంలో అంత అందమైన పని ఇంకోటి లేదు. ఈ మాట ఆయన మొహం మీద నేను అనలేదు, తలకెక్కుతుందని.

వరహాలమ్మ వచ్చింది. ఈయన తలుపు తీసి చూపించి, లెక్చరు మొదలుపెట్టారు. తెల్లటి గుడ్డలో చుట్టి పలక మీద పడుకోబెడతారనీ, నలుగురు పట్టుకుంటారనీ, కెప్టెను టోపీ తీసి నిలబడతాడనీ, అప్పుడు పలకని మెల్లగా వాలుస్తారనీ చెప్పారు. చెప్పేకొద్దీ ధైర్యం వచ్చి, ఇంజను రెండు నిమిషాలు ఆపుతారని కూడా అన్నారు.

"ఆపుతారా అండి?" అంది ఆమె.

"ఆపి తీరాలి. రూలు ఉంది" అన్నారు, ఆఫీసులో మాట్లాడినట్టు.

ఆమె చూపుడువేలితో తలుపు తెరిచింది, వేసింది, మళ్ళీ తెరిచింది.  వెళ్ళేటప్పుడు ఉన్న చాపల్లో మేలైనది ఓడ బల్ల కింద పరిచి వెళ్ళింది. ఈయన ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ప్రదర్శన రోజున ఓడని గోనెపట్టాలు చుట్టి రెండెద్దుల బండి మీద తీసుకెళ్ళాం. డెక్కు సంగతులు చెప్పడానికి రావాలని కబురు పెడితే, వరహాలమ్మ ఉతికిన చీర కట్టుకుని తెల్లారేసరికే దిగింది. జనం విరగబడి చూశారు. ఆమె ఓడ పక్కన నిలబడి, ఇదుగో ఇక్కడ వండుకునేవాళ్ళం, ఇదుగో ఇక్కడ కొట్టుకునేవాళ్ళం అని గొంతు పోయేలా చెప్పింది. మావారి మొహం చూస్తే పతకం అప్పటికే జేబులో ఉన్నట్టుంది.

చేతిపనులకి పరీక్షకుడు తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఎజ్రాగారు. తెల్ల కోటు, వెండి గొలుసు గడియారం, మెత్తటి మాట. ఓడని చూడగానే టోపీ తీసేశారు. తాను కుర్రతనంలో ఆ కోరంగి క్వీన్ మీదే పన్నెండేళ్ళు స్టోరుకీపరుగా పనిచేశానని చెప్పారు. గోడ మీంచి తీసి తెచ్చిన ఓడ బొమ్మ కాగితం చుట్టని నేను కొంగు కిందికి తోసుకున్నాను. మావారు మాత్రం పొంగిపోయారు, అసలు విషయం అప్పటికింకా తట్టక.

ఎజ్రాగారు ఓడ చుట్టూ మూడుసార్లు తిరిగారు. పొగగొట్టం మెచ్చుకున్నారు, జడపిన్నుల కొక్కేలు మెచ్చుకున్నారు. మేకల దొడ్డి చూసి కళ్ళు తుడుచుకున్నారు, దాని పక్క గదిలోనే తాను పడుకునేవాణ్ణని. తర్వాత వెనక ఎడమపక్కకి వచ్చి ఆగిపోయారు.

"ఈ తలుపేమిటండీ?" అన్నారు.

పోయినవాళ్ళని దింపే తలుపని మావారు చెప్పారు. అలాంటి తలుపు ఆ ఓడకి లేదండీ అని ఎజ్రాగారు నవ్వుతూ అన్నారు. వరహాలమ్మ ఇద్దరికీ మూరెడు దూరంలో నిలబడి ఉంది. మావారు ఆమె వైపు ఒకసారి చూసి, మీరు ఉద్యోగంలో చేరకముందు ఉండేదండీ, తర్వాత తీసేశారండీ అన్నారు. క్షమించాలండీ, నేను అలా వినలేదండీ అని ఆయన. తమరు వినకపోయి ఉండవచ్చండీ అని ఈయన. ఒకళ్ళనొకళ్ళు అండీ అండీ అనుకుంటూ ఇద్దరూ చెమటలు పట్టేదాకా పోట్లాడారు. చూసేవాళ్ళకి పెళ్ళిమాటలు మాట్లాడుకుంటున్నారేమో అనిపించి ఉంటుంది.

చివరికి ఎజ్రాగారు, అసలు బొమ్మ ఉంటే చూపించమన్నారు. అందులో తలుపుంటే తానే తప్పు ఒప్పుకుంటానన్నారు. మావారు నా వైపు తిరిగారు. బొమ్మ చుట్ట నా దగ్గరే, కొంగు కింద ఉంది. దాని కొస నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. అది విప్పితే ఎజ్రాగారి వేలు తిన్నగా ఆ బూడిద కంత మీదికే పోతుంది, ఈ ముసలామె కళ్ళెదుట.

"ఇంట్లో మర్చిపోయానండీ" అన్నాను. జనంలో నా మొగుడి చేత చీవాట్లు తినడానికి సిద్ధపడే అన్నాను. ఆయన మాత్రం, మరిచిపోయావా, పోనీలే అని ఎంతో శాంతంగా అన్నారు.

ఎజ్రాగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. పని గొప్పదే గానీ లేనిదాన్ని ఉందని వాదించినవారికి పతకం ఇవ్వలేనని, ఆయన ఇబ్బంది పడుతూనే చెప్పారు. ఆయన తప్పేముంది, ఉన్నమాటే అన్నారు. పతకం గుండుగొలను నుంచి వచ్చిన కొబ్బరిచిప్పల ఏనుగుకి వెళ్ళింది. ఆ ఏనుగుకి దంతాలు సరిసమానంగా లేవు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంది. నేను స్కేలు లేకుండానే చూశాను.

మావారు బండివాడిని పిలుచుకు రావడానికి వెళ్ళారు. నేనూ వరహాలమ్మా ఓడకి గోనెపట్టాలు చుడుతున్నాం.  ఆమె పట్టా అంచు పట్టుకుని నెమ్మదిగా అంది.

"అయ్యగారి పతకం నా మూలాన పోయిందండి."

అదేం కాదన్నాను. ఆ పెద్దాయనకి మతిమరుపు అన్నాను. ఎజ్రాగారు ఏ పాపమెరగని మనిషి, ఆ నింద నాకే అంటుకుంటుంది.

"కాదండమ్మగారూ. తలుపు లేదండి. ఆయన పోయాక ఇంకా మూడు రోజుల ప్రయాణం. ఒళ్ళు తెలిసిన దగ్గర్నించి ఆ కటకటాలు పట్టుకుని ఈ కొసనించి ఆ కొసకి ఎతికేనండి. బూడిద పోసే కంత ఒకటే ఉందండి."

 తెలిసి తెలిసి ఎందుకడిగావని అడిగాను.

"జొరంతో చూసిన కళ్ళు కదండీ, తప్పు చూశానేమోనని అడిగేను. అయ్యగారు కళ్ళజోడు తుడుసుకుంటంటేనే తెలిసిపోయింది." పట్టా ముడి వేస్తూ మళ్ళీ అంది. "యాభై ఏళ్ళండి అమ్మగారూ. కళ్ళు మూస్తే ఆ కంతలోంచే పోయేవోడు. ఇప్పుడు తలుపులోంచి దిగుతున్నాడండి. నలుగురు పట్టుకుంటన్నారు. ఇంజను ఆపుతున్నారు. ఈ మాట అయ్యగారితో అనకండి, చిన్నబోతారు."

నాకు ఏడుపు ఆగలేదు. ఎంతో గొప్పగా అక్కడే, అందరూ చూస్తుండగా, కొబ్బరిచిప్పల ఏనుగు పక్కన నిలబడి ఏడ్చాను. వరహాలమ్మ ఆ తలుపు ఒత్తుకుపోకుండా చూసి, పట్టా సరిచేసి, పడవ వేళయిందని వెళ్ళిపోయింది.

బండి కదిలింది. మావారు ఎక్కలేదు. ఓడ కుదుపులకి కదలకుండా దాని వెనక భాగం చేత్తో పట్టుకుని బండి వెంట నడిచారు. నేను కూడా దిగి పక్కన నడిచాను. ఆయన పతకం ఊసెత్తలేదు. కాలవ వంతెన దాటాక నా దగ్గరికి జరిగి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూశారు.

"వరహాలమ్మకి అనుమానం రాలేదు కదా?" అన్నారు.

"రాలేదండీ" అన్నాను.

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని, బండివాడికి ముందు గుంట ఉంది చూసుకోమని చెప్పారు.